ప్రకాశూ, ఆ మూడు ఆదివారాల గురించి

ప్రభువునందు ప్రియమైన ప్రకాశ్‌కి మేనత్త దీవెనలు.

రాత్రి వదిన ఫోన్ చేసి చెప్పింది. వచ్చే నెల యవ్వనస్థుల కూటంలో మూడు ఆదివారాలు నువ్వు "సృష్టి, పరిణామం" అన్న విషయం మీద మాట్లాడతావట, పాస్టరుగారు కూడా సరే అన్నారట. విని పొంగిపోయాను. గంటకల్లా గుబులు మొదలైంది. నోవహు ఓడలోకి చేపలు కూడా ఎక్కాయా అని అడిగి, ఏడేళ్ళప్పుడే సండే స్కూల్ టీచరమ్మని నిలబెట్టేసినవాడివి. అడగడం నీకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఇప్పుడు జవాబులు చెప్పే చోట నిలబడుతున్నావు, అందుకే ఈ ఉత్తరం.

చిన్న సంగతులు ముందు. నీ నోట్సు మొత్తం పాస్టరుగారికి ముందే చూపించు, ఆయన కూటంలో మొదటిసారి వినకూడదు. నలభై నిమిషాలు మాట్లాడు, ఇరవై నిమిషాలు ప్రశ్నలకి వదిలెయ్యి. ప్రశ్నలు చీటీల మీద, పేర్లు లేకుండా రాయించు. చెయ్యెత్తి అడిగితే తనకు విశ్వాసం లేదనుకుంటారేమోనని భయపడే పిల్లలే అసలైన ప్రశ్నలు దాచుకుంటారు. ప్రొజెక్టరు మీద ఆధారపడకు, నల్లబల్ల చాలు.

రెండు మాటలు మాత్రం మొదటి రోజే విడమరిచి చెప్పాలి, లేకపోతే మూడు వారాలూ వృథా. ఒకటి "సిద్ధాంతం". సంఘంలో ఆ మాటకి మనం నమ్మే బోధ అని అర్థం. సైన్సు పుస్తకంలో మాత్రం బోలెడన్ని సాక్ష్యాలను ఒక తాటి మీదికి తెచ్చే వివరణ అని. పరిణామ సిద్ధాంతం అనగానే మన పిల్లలకి అది త్రిత్వ సిద్ధాంతానికి పోటీగా వచ్చిన ఇంకో మతంలా వినిపిస్తుంది. రెండోది "జాతి". ఆదికాండంలో "వాటి వాటి జాతి ప్రకారము" అని ఉంది, బయాలజీ పుస్తకంలో స్పీషీస్‌కి కూడా మనవాళ్ళు జాతి అనే రాశారు. తెలుగులో చదివేవాడికి, దేవుడు జాతులను విడివిడిగా నిలిపితే సైన్సు కలిపేస్తోందని తోస్తుంది. హెబ్రీలో అక్కడున్న మాట "మీన్", రకం అని దాని అర్థం. లేవీయకాండం 11లో మిడతల రకాలకీ అదే మాట. ఇప్పుడు మనం చెప్పే స్పీషీస్ లెక్క స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ కాలంలో, 18వ శతాబ్దంలో కుదురుకున్నది. ఆ తగాదాలో సగం మన అనువాదంలోనే పుట్టిందని పిల్లలకి చూపించు.

ఆ తర్వాత ఆదికాండం మొదటి అధ్యాయం 31 వచనాలూ పైకి చదివించు. అయిదారు నిమిషాలు పడుతుంది. చదివాక బల్ల మీద రెండు నిలువు వరసలు గియ్యి. ఎడమ పక్క మొదటి మూడు దినాలు: వెలుగు, ఆకాశమూ జలములూ, ఆరిన నేల. కుడి పక్క తరువాతి మూడు: జ్యోతులు, పక్షులూ చేపలూ, జంతువులూ మనిషీ. ఎడమవైపు ఇల్లు కట్టడం, కుడివైపు ఆ ఇంట్లో కాపురం పెట్టించడం. సూర్యుడు నాలుగో దినాన గానీ రాడు, మరి మొదటి మూడు దినాల అస్తమయమూ ఉదయమూ ఏమిటి? ఈ ప్రశ్న డార్విన్ తర్వాత పుట్టిందనుకునేవాళ్ళు చాలామంది. అలెగ్జాండ్రియాలో తొలి సంఘపు బైబిలు పండితుడు ఓరిగెన్ దీన్ని మూడో శతాబ్దంలోనే అడిగాడు. బిషప్పు అగస్టీన్ 401 నుంచి 415 దాకా ఆదికాండం మీద వ్యాఖ్యానం రాస్తూ, ప్రకృతి గురించి తెలిసిన అవిశ్వాసుల ముందు క్రైస్తవుడు లేఖనాల పేరు చెప్పి తెలిసీ తెలియని మాటలు మాట్లాడితే వాళ్ళు పునరుత్థానం గురించి మన మాట ఎందుకు నమ్ముతారని మందలించాడు. ఇదంతా ఎవరి ఒత్తిడికో లొంగి చేసింది కాదు, వాక్యాన్ని శ్రద్ధగా చదివినవాళ్ళు చేసిందే. 24వ వచనం దగ్గర ఒక్క క్షణం ఆగు. "భూమి పుట్టించుగాక" అని దేవుడు పలికాడు. భూమికి ఆ పని అప్పగించిన మాట అది. పరిణామం అందులో ఉందని మాత్రం లాగకు. అది సైన్సు పాఠం కాదు, కానీ తలుపు మూసెయ్యలేదు.

రెండో ఆదివారం సాక్ష్యాలు. ఎక్కువ పెట్టుకోకు, రెండు చాలు. ఒకటి మీ ఊరిదే. రాజమండ్రి పక్కన కాతేరు దగ్గర నల్లరాయి క్వారీల్లో కింద ఒక లావా పొర, మధ్యలో సున్నపురాయి, పైన మళ్ళీ లావా. మధ్య పొరలో గవ్వలూ నత్తగుల్లలూ రాయిగా మారి ఉన్నాయి. అంటే లావా పారింది, చల్లారింది, దాని మీదికి నీళ్ళు వచ్చాయి, ఆ నీళ్ళలో జీవులు పుట్టి పెరిగి చచ్చి పేరుకున్నాయి, ఆ తర్వాత మళ్ళీ లావా. దాని వయసు సుమారు 6.6 కోట్ల ఏళ్ళు. ఇదంతా ఒక్క ఏడాది జలప్రళయంలో జరిగిందని ఎవరైనా అంటే, ఆ పొరల బొమ్మ గీసి వాళ్ళనే వివరించమను. పిల్లల్ని మాత్రం క్వారీలోకి దింపకు, అంచులు విరిగిపడతాయి. ఒక రాయి తెచ్చి బల్ల మీద పెట్టు.

రెండోది విటమిన్ సి. మేకా ఆవూ కుక్కా దాన్ని తమ కాలేయంలోనే తయారు చేసుకుంటాయి. మనకి ఉసిరికాయో జామకాయో నిమ్మకాయో తప్పదు, నెలల తరబడి దొరక్కపోతే చిగుళ్ళలోంచి రక్తం కారుతుంది. ఆ తయారీలో ఆఖరి మెట్టుకి కావలసిన ఎంజైము జన్యువు, గ్యులో, మన దగ్గర లేకపోలేదు. ఉంది, ముక్కలు పోయి పాడైపోయి ఉంది. చింపాంజీల్లోనూ కోతుల్లోనూ అలాగే పాడైంది. గినీ పందికీ పాడైంది గానీ విరిగిన తీరు వేరు. రెండు ఆన్సరు షీట్లలో ఒకే తప్పు ఒకే చోట కనబడితే ఇన్విజిలేటరు ఏమనుకుంటాడో పిల్లలకి చెప్పక్కర్లేదు. ఇక్కడ "కోతి నుంచి మనిషి వచ్చాడంటే కోతులింకా ఎందుకున్నాయి?" అన్న చీటీ తప్పకుండా వస్తుంది. నువ్వూ మీ బాబాయి కొడుకూ ఒకే తాతకి మనవళ్ళు, నువ్వు పుట్టావని వాడు మాయం కాలేదు కదా. చింపాంజీకీ మనకీ ఉమ్మడి పూర్వికులు 60–70 లక్షల ఏళ్ళ క్రితంవాళ్ళు. అంతకంటే సాగదీయకు.

ఇప్పుడు అసలు సంగతి. దీనికోసమే నిద్ర మానుకుని రాస్తున్నాను. డార్విన్ చనిపోయేముందు మారుమనస్సు పొంది తన సిద్ధాంతానికి పశ్చాత్తాపపడ్డాడన్న కథ నువ్వు చెప్పకు. ఇంకెవరైనా లేచి సాక్ష్యంలా చెప్తే ఊరుకోకు కూడా. ప్రసంగాల్లో తరచూ వినబడే కథే అది. మంచం మీద డార్విన్, చేతిలో బైబిలు, అందులో హెబ్రీయులకు రాసిన పత్రిక, ఊదారంగు గౌను, కిటికీలోంచి శరదృతువు సాయంకాలపు వెలుగు. తోటలోని చిన్న ఇంట్లో పనివాళ్ళనీ ఇరుగుపొరుగునీ పోగుచేస్తాను, వాళ్ళకి యేసుక్రీస్తు గురించి చెప్పమని ఒక అమ్మగారిని బతిమాలాడని. వింటే కళ్ళు చెమరుస్తాయి. ఆ అమ్మగారు లేడీ హోప్. ఆవిడ ఎవరి కూతురో తెలుసా? మన దవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర కూతురు, ఎలిజబెత్. తండ్రి జీవిత చరిత్ర 1900లో రాసిందీ ఆవిడే. ఊరూరా ఆయన విగ్రహానికి దండలు వేసే గోదావరి జిల్లాల్లో ఆ సంగతి తెలిస్తే కథకి ఇంకా బలం వస్తుంది. నా భయం అదే.

లెక్క చూడు. డార్విన్ కెంట్‌లోని తన ఇంట్లో 1882 ఏప్రిల్ 19న చనిపోయాడు. ఆ కథ అచ్చయింది 1915 ఆగస్టులో, అమెరికాలోని ఒక బాప్టిస్టు వారపత్రికలో. 33 ఏళ్ళ తర్వాత! ఆయన పోయింది వసంతంలో, కథలో ఉన్నది శరదృతువు. భార్య ఎమ్మా భక్తిగల మనిషి, భర్తకి విశ్వాసం లేదని జీవితాంతం బాధపడింది. అలాంటి మార్పు నిజంగా వచ్చి ఉంటే అందరికంటే ముందు సంతోషించేది ఆవిడ, ఆవిడ నోట అలాంటి మాట రాలేదు. కూతురు హెన్రియెట్టా 1922లో పత్రికకి రాసి స్పష్టంగా ఖండించింది: నాన్న మరణశయ్య దగ్గర నేనున్నాను, ఆఖరి జబ్బులో గానీ మరే జబ్బులో గానీ లేడీ హోప్ అక్కడ లేదు, ఆయన తన శాస్త్ర అభిప్రాయాలేవీ వెనక్కి తీసుకోలేదు అని. లేడీ హోప్ ఎప్పుడో ఒకసారి ఆ ఇంటికి వెళ్ళి ఉండొచ్చు, ఏళ్ళు గడిచేకొద్దీ జ్ఞాపకం పెరిగి కథై ఉండొచ్చు. ఆవిడ మనసులోకి మనం వెళ్ళలేం. పైగా ఆయన నిజంగానే మారాడనుకో, దానివల్ల విటమిన్ సి జన్యువు బాగుపడుతుందా? కథ నిజమైనా అబద్ధమైనా సిద్ధాంతం నిలబడేదీ పడేదీ రాళ్ళ మీద, జన్యువుల మీద.

దీని వల్ల పోయేది ఎవరో ఆలోచించు నాన్నా. పద్దెనిమిదేళ్ళ పిల్ల హైదరాబాదులోనో బెంగుళూరులోనో హాస్టల్లో ఉంటుంది. ఎవరో నవ్వుతూ ఫోన్లో వెతికి చూపిస్తారు, ఒక్క నిమిషం పని. ఆ క్షణాన ఆ పిల్ల డార్విన్ గురించి ఆలోచించదు. ఇది అబద్ధమైతే ఖాళీ సమాధి మాటేమిటి అనుకుంటుంది. ఆ రాత్రి పక్కన ఎవరూ ఉండరు. విశ్వాసం పోగొట్టుకునేవాళ్ళలో కొందరు సైన్సు చదివి పోగొట్టుకోరు, తమకి అబద్ధం చెప్పారని తెలిసి పోగొట్టుకుంటారు. పొరుగువాడి మీద అబద్ధసాక్ష్యం పలకొద్దన్న ఆజ్ఞకి, ఆ పొరుగువాడు చచ్చిపోయిన ఇంగ్లీషు శాస్త్రవేత్త అయితే మినహాయింపేమీ లేదు. అసలు నిజంలోనే మనకి కావలసింది ఉంది. 1879లో డార్విన్ ఒక ఉత్తరంలో, మనిషి గాఢమైన ఆస్తికుడూ పరిణామవాదీ రెండూ కాగలడు, అనుమానం అక్కర్లేదని రాసి, కింగ్స్‌లీనీ ఏసా గ్రేనీ ఉదాహరణగా చూపించాడు. కింగ్స్‌లీ ఆంగ్లికన్ పాదిరి. గ్రే హార్వర్డ్‌లో వృక్షశాస్త్రవేత్త, నికయ విశ్వాసప్రమాణాన్ని ఒప్పుకున్న క్రైస్తవుడు, డార్విన్ పుస్తకం అమెరికాలో అచ్చవడానికి పూనుకున్నవాడు. అదే ఉత్తరంలో డార్విన్ తనని తాను నాస్తికుడని చెప్పుకోలేదు, అజ్ఞేయవాది అన్న మాట సరిపోతుందన్నాడు. ఆ ఉత్తరం చదివి వినిపించు.

సైన్సు ఇంకా వివరించలేని చోటల్లా దేవుణ్ణి కూర్చోబెట్టకు. ఆ ఖాళీ పూడినప్పుడల్లా ఆయన్ని లేపి పక్కకి జరపాల్సి వస్తుంది. వాన ఎలా పడుతుందో తెలిశాక కూడా వానకోసం ప్రార్థిస్తున్నాం కదా.

మూడో ఆదివారం కష్టం. ఆదాము, మరణం. రోమా 5లో పౌలు ఒక్క మనిషి ద్వారా పాపం, పాపం ద్వారా మరణం వచ్చాయన్నాడు. ఇప్పుడు బతికున్న మనుషుల జన్యువుల్లోని వైవిధ్యం ఇద్దరి నుంచి కొన్ని వేల ఏళ్ళలో వచ్చిందంటే కుదరదు, పూర్వికుల గుంపు వేలల్లో ఉండేదని లెక్క. దీన్ని దాచకు. ఆ గుంపులో దేవుడు ఎన్నుకుని తనతో నిబంధన చేసిన మనిషి ఆదాము అనేవాళ్ళున్నారు, ఇంగ్లండు పాదిరి జాన్ స్టాట్ దాదాపు ఇలాగే అనుకున్నాడు. హెబ్రీలో ఆదాము అంటేనే మనిషి, అదామా అంటే నేల, కాబట్టి అది అందరి కథ అనేవాళ్ళున్నారు. జన్యువుల లెక్కనే తిరగదోడేవాళ్ళూ ఉన్నారు. మొదటి రెండింటిలో నువ్వు దేనివైపు ఉన్నావో చెప్పు, మిగతావాటిని పలచన చెయ్యకుండా చెప్పు. జంతువుల చావు ఇంకా కష్టం. ఒక రకం కందిరీగ గొంగళిపురుగులో గుడ్లు పెడుతుంది, వాటిలోంచి వచ్చిన పిల్లలు అది బతికుండగానే దాన్ని లోపలినుంచి తింటాయి. దయగల దేవుడు దీన్ని ఎలా సృజించాడని 1860లో డార్విన్ ఏసా గ్రేకే రాశాడు. గ్రే దగ్గర పూర్తి జవాబు లేదు. నీ దగ్గరా ఉండదు. "సృష్టి యావత్తు ఇదివరకు ఏకగ్రీవముగా మూలుగుచు" అన్న వచనం చదివి, అక్కడ మౌనంగా ఉండు. చీటీలో చచ్చిపోయిన తమ్ముడి గురించో అమ్మ క్యాన్సరు గురించో రాసి ఉంటే అది సైన్సు ప్రశ్న కాదని గుర్తుపట్టు. కూటం అయ్యాక ఆ పిల్ల నీ దగ్గరికి వచ్చేలా గుమ్మం దగ్గర కాసేపు నిలబడు.

ఇంకొకటి, గట్టిగానే చెప్తున్నాను. ఆరు దినాలంటే ఆరు దినాలే అని నమ్మేవాళ్ళని చులకన చెయ్యకు. మొదటి వరుసలో నాయనమ్మ కూర్చుంటుంది. ఆ నమ్మకంతోనే మమ్మల్ని పెంచింది, మోకాళ్ళ మీద నీకోసం ప్రార్థించింది. అజ్ఞానం అన్న మాట నీ నోట వచ్చిందంటే నేను లేచి వెళ్ళిపోతాను. బైబిలులో పొరపాటే లేదని జీవితమంతా వాదించిన ప్రిన్స్‌టన్ వేదాంత పండితుడు వార్‌ఫీల్డ్‌కే పరిణామంలో పెద్ద అడ్డంకి కనబడలేదని నీకు తెలుసు. 1996లో రెండో జాన్ పాల్ పోపు దీన్ని కేవలం ఊహ కంటే ఎక్కువేనని ఒప్పుకున్నాడని తెలుసు. ఆ పేర్లతో ఆవిడ నోరు మూయించడానికి కాదు అవి.

గురువారంలోగా నోట్సు పంపు. చీటీలు పారెయ్యకుండా దాచి, మూడూ అయ్యాక ఇంటికి తీసుకురా, కూర్చుని చూద్దాం. నాయనమ్మకి కళ్ళజోడు మార్చారట కదా. మొదటి ఆదివారం ఆదికాండం ఆవిడ చేత చదివించు. "ఆదియందు దేవుడు" అని ఆవిడ గొంతులో పిల్లలు వినాలి.

నీ మేనత్త