రోడ్లకు నిధులిస్తే ప్రయాణ సాధనాలు ఎందుకు మారతాయి?

ప్రభుత్వం రోడ్లపై పెట్టిన ఖర్చు వల్లనే గోదావరి డెల్టా జనం పడవను, రైలును కాదని రోడ్డెక్కారా అన్నది ప్రశ్న. చాలా వరకు అవుననే చెప్పాలి.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక విస్తరించిన కాలువలు సాగునీటితోపాటు సరుకు రవాణాకూ పనికివచ్చేవి. ధాన్యం పడవలు లాకులు దాటుకుంటూ కాకినాడ చేరేవి. తరువాత కాలువగట్లే తారురోడ్లయ్యాయి, వాటిని కలిపే వంతెనలను పలుచోట్ల పడవ దూరలేనంత తక్కువ ఎత్తులో కట్టారు. అంటే ఒక దారికి పెట్టిన డబ్బు రెండో దారిని మూసింది. 2008లో కాకినాడ, ఏలూరు కాలువలను నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చారు గానీ, ప్రకటనతో పూడిక పోదు కదా.

నిధుల తీరు కూడా రోడ్డుకే అనుకూలం. పెట్రోలు, డీజిలు సెస్సు నుంచి కేంద్ర రోడ్డు నిధికి (2018 నుంచి దీని పేరు కేంద్ర రోడ్డు, మౌలిక వసతుల నిధి) సొమ్ము చేరుతుంది. గ్రామ సడక్ యోజనలో మన రాష్ట్రం వాటా 40 శాతమైతే మిగతా 60 శాతం కేంద్రమే ఇస్తుంది. పైగా రోడ్డును ముక్కలుగా వేసినా ప్రతి ముక్కా వెంటనే అక్కరకు వస్తుంది. 2000-01లో మంజూరైన కోటిపల్లి–నరసాపురం రైలుమార్గం అలా కాదు. గౌతమి, వైనతేయ, వసిష్ఠ పాయలు మూడింటిపైనా వంతెనలు పూర్తయితే తప్ప ఆ చివరి నుంచి ఈ చివరికి రైలు నడవదు. అంతవరకు అంబాజీపేట కొబ్బరి వర్తకుడికి లారీయే గతి.

ఇక బస్సు సంగతి: రోడ్డుకు మంజూరైన సొమ్ముతో బస్సు నడవదు, డీజిలు, జీతాలు వేరే పద్దు. అందుకే లంక గ్రామానికి సిమెంటు రోడ్డు పడగానే ముందుగా పెరిగేవి మోటారుసైకిళ్లు, ఆటోలే.