పాత తెలుగు స్త్రీల పత్రికలను స్కాన్ చేసి నెట్‌లో పెడితే సరిపోదా?

సరిపోదు. స్కాన్ మొదటి మెట్టు మాత్రమే. ఫైల్ పేరు "స్కాన్ 0047" అని ఉంటే దాన్ని ఎవరు వెతికి పట్టుకుంటారు?

భండారు అచ్చమాంబ సంగతే చూడండి. ఆవిడ 1902లో "హిందూ సుందరి" అనే స్త్రీల పత్రికలో కథ రాసి 1905లో, ముప్ఫై ఏళ్లు దాటాయో లేదో, చనిపోయారు. తర్వాత ఎన్నో దశాబ్దాల పాటు తొలి తెలుగు కథ ఏదనే చర్చలో ఆవిడ పేరే వినపడలేదు. పాత సంచికలు చేతికి దొరికాకే ఆ చర్చ మారింది.

అందుకే ప్రతి సంచికకూ నెల, సంవత్సరం, రచయిత్రి పేరు, శీర్షిక తెలుగులో టైప్ చేసి పెట్టాలి. ఆడవాళ్ల విషయంలో ఇంకో చిక్కు ఉంది: పెళ్లయ్యాక ఇంటిపేరు మారుతుంది, కొందరైతే "ఒక సోదరి" అనో మరోలానో సంతకం చేసేవారు, కాబట్టి ఒకే మనిషి పేర్లన్నిటినీ ఒకచోట కలపకపోతే ఆమె రాసినదంతా ముక్కలుముక్కలుగా మిగిలిపోతుంది.

కాపీరైట్ గురించి టెన్షన్ వద్దు, మన దేశంలో రచయిత చనిపోయి 60 ఏళ్లు దాటితే సాధారణంగా ఇబ్బంది ఉండదు. తెలుగు వికీసోర్స్‌లో (ఎవరైనా చదవగల, దిద్దగల ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయం) పెడితే అక్షరదోషాలు దిద్దడానికి పదిమంది చెయ్యి వేస్తారు.

అన్నిటికన్నా తొందరపడాల్సింది గొంతులకు. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న స్త్రీల మాటల్ని స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం వాళ్లు రికార్డు చేసి 1986లో పుస్తకంగా తెచ్చారు కాబట్టే అవి ఇవాళ మనకున్నాయి. మీ ఇంట్లో అమ్మమ్మ ఉంటే ఈ ఆదివారమే ఫోన్ రికార్డర్ ఆన్ చేయండి, కానీ నెట్‌లో పెట్టేముందు ఆవిడ అనుమతి అడగండి.