బీర పిందెలు రాలుతున్నాయి, తుమ్మెదలేవీ?

ప్రశ్న: మాది ఉప్పల్ దగ్గర ఓ కాలనీ. మేడ మీద బీర, వంగ వేశాను. బీరకి పూత బోలెడు, పిందెలు మాత్రం వేలెడంతైనా కాకుండానే పసుపెక్కి రాలిపోతున్నాయి. వంగ పూతా నిలవడం లేదు. పార్కు గోడ వెంట కాస్త జాగా ఉంది, తేనెటీగలొచ్చే మన మొక్కలేవైనా పెడదామంటే అసోసియేషన్ వాళ్ళు 'పిల్లల్ని కుడతాయి' అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: ఎరువులు పోయడం కాసేపు ఆపండమ్మా. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే పుప్పొడి అందక పిందె ఎండుతున్నట్టుంది. బీర ఆడపువ్వుకి పిందె ముందే ఉంటుంది, పుప్పొడి పడకపోతే రెండు మూడు రోజుల్లో పసుపెక్కి పోతుంది. చాలామంది పొద్దున్నే మేడెక్కి ఒక్క ఈగా లేదే అని టెన్షన్ పడతారు గానీ బీర పువ్వు విచ్చేది సాయంత్రం, ఎండ తగ్గాక. అప్పుడొచ్చేవాటిలో రాత్రి తిరిగే రెక్కల పురుగులూ ఉంటాయి, అందుకని మేడ మీద లైటు రాత్రంతా వెలగనివ్వకండి. ఈ లోపు ఒక మగపువ్వు తెంపి, రెక్కలు తీసేసి, ఆ పసుపు పొడిని ఆడపువ్వు నడుమ అద్దండి.

వంగ కథ వేరు. వంగలో కొంత పూత ఎలాగూ రాలుతుంది, ఎండలు ముదిరితే ఇంకా ఎక్కువ. కానీ దాని పుప్పొడి సన్నటి గొట్టాల్లో ఉంటుంది, అదిరితే తప్ప సరిగా రాలదు. ఆ పని మన దగ్గర బాగా చేసేది తుమ్మెద. నల్లగా, రెక్కల మీద నీలి మెరుపుతో వచ్చి పువ్వుని కరుచుకుని వేలాడుతూ ఒళ్ళంతా అదిరిస్తుంది, అప్పుడు దాని జుమ్మనే మోత కూడా మారిపోతుంది, దగ్గర నిలబడి వినండి ఒకసారి. తంగేడు పువ్వుదీ ఇదే పద్ధతి. తేనె చుక్క ఉండదు, పుప్పొడి కోసమే తుమ్మెద వస్తుంది. కాబట్టి మీ గోడ పక్కన నేనైతే మొదట తంగేడే పెడతాను. నర్సరీలో దొరక్కపోతే రోడ్డు పక్కన ఎండిన కాయలు కోసుకొచ్చి, గింజల మీద వేడినీళ్ళు పోసి రాత్రంతా నానబెట్టి నాటండి. గూడు పెట్టుకోవడానికి ఓ ఎండిన దుంగో, వెదురు బొంగో అక్కడ పడేసి ఉంచండి. చెత్త అని ఎవరో తీసేస్తారు, ముందే చెప్పి పెట్టండి.

వానలకి తుమ్మి దానంతటదే మొలుస్తుంది, కలుపని పీకించకుండా ఉంటే చాలు. తులసికి వెన్నులన్నీ తుంచేయకండి, జుంటీగలకి అవే కావాలి. జిల్లేడు సీతాకోకలకి మంచిదే గానీ పాలు కంట్లో పడితే ప్రమాదం, పిల్లలు ఆడేచోట వద్దు.

కుట్టడమంటారా? మగ తుమ్మెదకి అసలు ముల్లే లేదు, ఆడది చేత్తో నలిపితే తప్ప కుట్టదు. అసోసియేషన్ వాళ్ళ భయమంతా వాటర్ ట్యాంకుల కింద వేలాడే పెద్ద తేనెపట్టుని చూసి. దాన్ని కదిలిస్తే ప్రమాదమే, నిజం. పువ్వు మీద వాలిన ఈగ మాత్రం తన పని తాను చూసుకుంటుంది.

ఇంకోటి, కరివేపాకు మీద పిట్ట రెట్టలా కనిపించే పురుగుకి మందు కొట్టకండి, అది సీతాకోక పిల్ల. నాలుగు రెమ్మలు తింటే తిననివ్వండి. తుమ్మి మాత్రం వినాయక చవితికి కూరకి సరిపడా కోసుకోండి, మొత్తం ఊడ్చేయకుండా.