రెండో భాగాన్ని వదిలేసే ముందు: మేనల్లుడికి ఒక ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

‘డ్రాగన్ ఏజ్’ వీడియో గేమ్ సిరీస్‌లో మొదటిదైన ‘ఆరిజిన్స్’ పూర్తిచేసిన ఊపులోనే ‘డ్రాగన్ ఏజ్ 2’ మొదలుపెట్టానని, నాలుగు గంటలకే విసుగు పుట్టి ఆపేశానని, దాన్ని వదిలేసి నేరుగా మూడో భాగానికి వెళ్లిపోవచ్చా అని అడిగావు. వదిలేయవద్దు. అలాగని ఇప్పుడే ఆడవద్దు. ఈ రెండు మాటలకూ కారణాలు వివరంగా చెప్పాలనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఒక ఆట మనసుకు పట్టాక, దాని సీక్వెల్ (కొనసాగింపు ఆట) జోలికి వెళ్లే ముందు, మొదటిదానిలో మనకు నచ్చినది ఏమిటో విడదీసి చూసుకోవాలి. నీ మాటలను బట్టి చూస్తే ‘ఆరిజిన్స్’లో నిన్ను కట్టిపడేసింది పోరాటమే. ఆటను ఆపి, కెమెరాను పైకి లేపి, నీ జట్టులోని నలుగురినీ ఎక్కడెక్కడ నిలబెట్టాలో చూసుకోవడం, మిత్రుడి ప్రాణశక్తి (హెల్త్) సగానికి పడిపోతే వెంటనే నయం చేయాలని, సహచరులకు ఆదేశాలిచ్చే ట్యాక్టిక్స్ పట్టికలో ముందే రాసిపెట్టడం, ఇషాల్ బురుజు పైన ఓగర్ అనే భారీ రాక్షసుడు ఎదురైనప్పుడు ఆ ఏర్పాటు అక్షరాలా పనిచేయడం, ఇవే నీకు ఎక్కువ సంతోషాన్నిచ్చాయి. రెండో భాగంలో సరిగ్గా అవే దెబ్బతిన్నాయి. కెమెరా అంత ఎత్తుకు లేవదు. ఒక గుంపును ముగించేలోపే మరో గుంపు ఇళ్ల కప్పుల మీద నుంచి దూకి, నువ్వు వెనకాల భద్రంగా నిలబెట్టిన మంత్రగాడి చుట్టూ దిగుతుంది. శత్రువులు ఎటునుంచి వస్తారో తెలియనప్పుడు వ్యూహం పన్ని లాభమేముంది? నీ విసుగు న్యాయమైనదే.

ఇక గుహల సంగతి. ఊరి బయట ఏ క్వెస్ట్‌కు (ఆటలో అప్పగించే పనికి) వెళ్లినా అదే గుహ ఎదురవుతుంది. ఒకసారి ఈ తలుపు మూసి ఉంటుంది, మరోసారి ఆ దారికి రాతిపలక అడ్డం ఉంటుంది. మూలనున్న చిన్న మ్యాప్ మాత్రం మూసేసిన గదులను కూడా చూపిస్తూనే ఉంటుంది. ఇది ప్రతిభ లేక జరిగిన లోపం కాదు, వ్యవధి లేక జరిగినది. కెనడాలోని ఎడ్మంటన్‌కు చెందిన బయోవేర్ సంస్థ ‘ఆరిజిన్స్’ను 2004లో ప్రకటించి 2009 నవంబరులో విడుదల చేసింది. మధ్యలో ఆ సంస్థ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే పెద్ద గేమ్ కంపెనీ చేతికి వెళ్లింది. రెండో భాగం 2011 మార్చిలోనే వచ్చేసింది, అంటే మొదటిది వచ్చిన 16 నెలలకు. అందుకే ఏ సీక్వెల్ మొదలుపెట్టినా ముందు విడుదల తేదీల మధ్య దూరాన్ని చూడమని చెబుతాను. 2004లో అబ్సిడియన్ సంస్థ చేసిన ‘నైట్స్ ఆఫ్ ది ఓల్డ్ రిపబ్లిక్ 2’ అనే ఆటకూ ఇదే గతి పట్టింది. దానిలో తెగిపోయిన సన్నివేశాలను తరువాతి కాలంలో అభిమానులే శ్రమపడి మళ్లీ అతికించారు. తొందరలో తయారైన ఆటలో ఏది అరకొరగా మిగిలిందో, ఏది నిండుగా వచ్చిందో వేరుచేసి చూడగలిగితే, నిండుగా వచ్చినదాన్ని మనం పోగొట్టుకోము.

ఆ నిండుదనం రెండో భాగంలో ఉంది, అది రచనలో ఉంది. లోకాన్ని రక్షించే వీరుడి కథ కాదది. యుద్ధం నుంచి పారిపోయి కిర్క్‌వాల్ అనే నగరానికి చేరిన హాక్ కుటుంబం ఏళ్ల తరబడి అక్కడ ఎలా నిలదొక్కుకుంది, ఆ నగరం వారి కళ్లముందే ఎలా కుళ్లిపోయింది అన్నదే కథ. దాన్ని మనకు చెప్పేవాడు హాక్ సహచరుడైన వారిక్. అతను మొదట్లోనే కోతలు కోస్తుంటే, విచారణ చేస్తున్న కసాండ్రా అడ్డుతగిలి నిజం చెప్పమంటుంది. సహచరులకు సొంత ఇళ్లు, సొంత పగలు ఉంటాయి. వారి అభిప్రాయాన్ని నువ్వు ప్రతిసారీ కాదన్నా నష్టం లేదు, స్నేహానికి ఉన్నట్టే వైరానికీ ప్రతిఫలం ఉంటుంది. నిన్ను గౌరవిస్తూనే నీతో విభేదించే మనిషి పక్కన ఉండటం ఈ సిరీస్‌లో మరెక్కడా ఇంత బాగా కుదరలేదని నా అభిప్రాయం. రెండో అంకంలో కునారి సేనల నాయకుడైన అరిషోక్‌తో జరిగే సంభాషణలను మాత్రం తొందరపడి దాటేయకుండా చదువు.

కాబట్టి ఒకటి రెండు నెలలు విరామం ఇవ్వు. ఈలోగా వేరే కోవకు చెందిన ఆట ఏదైనా ఆడుకో. ‘ఆరిజిన్స్’ రుచి నాలుక మీద ఉండగా ఇది రుచించదు. మళ్లీ మొదలుపెట్టినప్పుడు కష్టస్థాయిని ఒక మెట్టు తగ్గించు, ఎందుకంటే ఇక్కడ పోరాటం మీద పెట్టిన ఓపిక తిరిగి రాదు. మొదటి అంకంలో డీప్ రోడ్స్ అనే భూగర్భ మార్గాల యాత్రకు 50 సావరిన్లు (ఆటలోని బంగారు నాణేలు) కూడబెట్టాలి. సహచరులందరినీ చేర్చుకుని, ఆ డబ్బు సమకూరగానే బయలుదేరు, చిన్నాచితకా పనుల కోసం ఆగవద్దు. ‘లెగసీ’ డీఎల్‌సీని (ఆటకు తరువాత చేర్చిన అదనపు కథను) మాత్రం తప్పక ఆడు. మూడో భాగపు ప్రతినాయకుడి వేరు అక్కడే ఉంది. రెండోదాన్ని దాటవేయవద్దని గట్టిగా చెప్పడానికి మరో కారణం కూడా ఇదే: మూడో భాగం తెరుచుకునేది రెండో భాగం ముగింపులో రాజుకున్న యుద్ధంలో. వారిక్, కసాండ్రా అక్కడ నీ పక్కన నడుస్తారు, వారు నీకు ముందే తెలిసి ఉండాలి.

మూడోదైన ‘ఇంక్విజిషన్’ 2014లో వచ్చి ఆ ఏటి ది గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ గేమ్‌గా నిలిచింది. అందులో హింటర్‌ల్యాండ్స్ అనే మొదటి ప్రాంతాన్ని ఖాళీ చేసేదాకా కదలనని కూర్చోవద్దు, కథ పిలవగానే వెళ్లిపో. దాని డీఎల్‌సీ ‘ట్రెస్‌పాసర్’ ఆడనిదే అది ముగిసినట్టు కాదు. 2024 నాటి నాలుగో భాగం ‘వీల్‌గార్డ్’ తయారీలో ఒక దశలో మల్టీప్లేయర్ (పలువురు కలిసి ఆడే) ఆటగా రూపొంది, తరువాత ఒక్కరే ఆడే ఆటగా మారింది. పాత నిర్ణయాలలో మూడింటినే అది పట్టించుకుంటుంది, సహచరులను నేరుగా నడపనివ్వదు. దాన్ని యాక్షన్ గేమ్‌గా ఆడితే ఆనందించగలవు, ‘ఆరిజిన్స్’ కొనసాగింపుగా చూస్తే మాత్రం నీ మనసు నొచ్చుకుంటుంది. చివరికి ఉంచుకో.

అన్నట్టు, ‘ఆరిజిన్స్’ సేవ్ ఫైళ్లను (నీ ఆట పురోగతి దాచే ఫైళ్లను) తొలగించావేమో చూసుకో. రెండో భాగం మొదట్లో వాటిని దిగుమతి చేసుకుంటే నీ నిర్ణయాలు అందులో కొనసాగుతాయి. ‘ఇంక్విజిషన్’ మాత్రం సేవ్ ఫైళ్లను తీసుకోదు, అక్కడ ‘డ్రాగన్ ఏజ్ కీప్’ అనే వెబ్‌సైట్‌లో అన్నీ మళ్లీ నమోదు చేయాలి. అందుకని ఎవరిని రాజును చేశావో, ఎవరిని క్షమించావో మరిచిపోకముందే ఒక కాగితం మీద రాసిపెట్టుకో.

ఇట్లు,
మీ మామయ్య