ఉదయం ఏడుంపావుకి మొదటి పిచ్

ప్రశ్న: అన్నా, వచ్చే నెల బెంగళూరు ఆఫీసు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్నాను. అక్కడి టీమ్‌తో కాల్ మొదలైతే చాలు, ముందు బేస్‌బాల్ కబుర్లే. లైవ్ స్కోరు చూస్తున్నా ఏమీ అర్థం కావట్లేదు.

తమ్ముడూ, విమానం ఎక్కేదాకా ఆగకు, మారతహళ్లిలోనే మొదలుపెట్టు. పద్నాలుగేళ్లుగా నేనుండేది శాన్‌ఫ్రాన్సిస్కోలోనే. అమ్మ కోసం కుందలహళ్లి వచ్చినప్పుడు కూడా ఆ ఊరి జట్టు జెయింట్స్ ఆట వదలను. అక్కడ సాయంత్రం 6:45కి మొదలయ్యే ఆట మనకి మర్నాడు ఉదయం 7:15కి. అమ్మ డికాషన్ తీసేసరికి మొదటి ఇన్నింగ్స్ నడుస్తుంటుంది. న్యూయార్క్ రాత్రి ఆటలకైతే నాలుగున్నరకే లేవాలి.

ఎంఎల్‌బీ, అంటే అక్కడి పెద్ద బేస్‌బాల్ లీగ్, దాని యాప్‌లో గేమ్‌డే అని ఉంటుంది. పిచ్ అంటే ఇక్కడ మైదానం కాదు, బ్యాటర్‌కి విసిరే బంతి. ప్రతి పిచ్ ఎక్కడ పడిందో చిన్న చుక్కగా చూపిస్తుంది. అక్కడ మన క్రికెట్ అలవాటు కొద్దీ పరుగులు చూడకు, ముందు అవుట్లు చూడు. తొమ్మిది ఇన్నింగ్స్, ఇన్నింగ్స్‌కి మూడు చొప్పున జట్టుకి ఉండేవి 27 అవుట్లే. తర్వాత బేసుల మీద, అంటే పరుగు కోసం చుట్టి రావాల్సిన మజిలీల మీద, ఎవరున్నారో చూడు. ఆ తర్వాత కౌంట్. 3-2 అంటే మూడు బాల్స్, రెండు స్ట్రైక్స్. హద్దు బయట పడి బ్యాటర్ వదిలేసింది బాల్; హద్దులో పడినా వదిలేసింది, లేదా బ్యాట్ ఊపినా తగలనిది స్ట్రైక్. ఇంకో బాల్ పడితే బ్యాటర్ ఊరికే మొదటి బేస్‌కి నడుస్తాడు, ఇంకో స్ట్రైక్ పడితే అవుట్. టెన్షనంతా అక్కడుంటుంది.

2024 అక్టోబరు 26, శనివారం పొద్దున ఇక్కడే ఉన్నాను. వరల్డ్ సిరీస్, అంటే సీజన్ చివరి ఫైనల్ సిరీస్, మొదటి ఆట, డాడ్జర్స్, యాంకీస్. డాడ్జర్స్ అంటే మా జెయింట్స్‌కి బద్ధశత్రువులు, అయినా కూర్చున్నా. తొమ్మిదిలో సమమై పదో ఇన్నింగ్స్‌కి వెళ్లింది, డాడ్జర్స్ 3-2తో వెనకబడ్డారు, రెండు అవుట్లు, మూడు బేసులూ నిండి ఉన్నాయి. ఫ్రెడ్డీ ఫ్రీమన్ వచ్చాడు. మొదటి పిచ్‌కే తెర మీద ‘ఇన్ ప్లే, రన్స్’ అని పడింది. అంతే! ఎన్ని పరుగులో చెప్పదు. ఒకటైతే సమం, రెండైతే గెలుపు. అమ్మ ఇడ్లీ ప్లేటు పట్టుకుని నా మొహమే చూస్తోంది. అంకె మారింది, 6-3. గ్రాండ్‌స్లామ్‌తో, అంటే మూడు బేసులూ నిండి ఉండగా కొట్టిన హోమ్‌రన్‌తో, వరల్డ్ సిరీస్ ఆట ముగియడం చరిత్రలో అదే మొదటిసారి. వీడియో తర్వాత ఎన్నిసార్లు చూశానో, కానీ నాకు గుర్తుండేది ఆ రెండు మాటలే.

అక్కడికెళ్లాక వీడియో చూస్తూ ఉంటే ఫోన్ నోటిఫికేషన్లు ఆపేసుకో, చాలాసార్లు స్కోరే బొమ్మ కంటే ముందొస్తుంది. లీగ్ వాళ్ల వీడియో ప్యాకేజీ కొనేముందు బ్లాకౌట్ నిబంధన చదువు. మామూలు ప్యాకేజీలో సొంత ఊరి జట్టు ఆటలు లైవ్‌గా రావు.

ఒక్క జట్టునే పట్టుకో. సీజన్‌లో 162 ఆటలు, దాదాపు రోజూ ఒకటి. వెళ్లిన కొత్తలో లంచ్‌లో నాకెవరితోనూ మాట కలిసేది కాదు. ఒకరోజు పక్క సీటాయన నిన్న ఎవరు పిచ్ చేశారని ఎవరినో అడుగుతుంటే నేను చెప్పాను. మర్నాటి నుంచి ఆయన తన పక్కన నాకో కుర్చీ ఉంచేవాడు.

ఈ వారంలో ఒక ఆట మొదటి పిచ్ నుంచి చివరి అవుట్ దాకా చూడు. అర్థం కానివి కాగితం మీద రాసుకుని శనివారం పొద్దున్నే కుందలహళ్లిలో మా ఇంటికి రా. అక్కడ శుక్రవారం రాత్రి ఆట ఉంటుంది. టిఫిన్ ఇక్కడే.