చెక్కు తిరిగొచ్చిన ఈఏడీ: కేసంతా ఒక్క తేదీ మీదే ఉంది

ప్రశ్న (ఉత్తరం పెద్దది, కుదించాను): మేం టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. నాది హెచ్‌-4 (నిపుణ ఉద్యోగుల వీసా హెచ్‌-1బీ ఉన్నవాళ్ల భార్య లేదా భర్తకిచ్చేది), ఈఏడీ (పని చేసుకోవడానికిచ్చే అనుమతి కార్డు) మీద ఉద్యోగం చేస్తున్నాను. నాన్నగారికి గుండె ఆపరేషన్ అయితే వేసవిలో గుంటూరు వెళ్లి, హైదరాబాద్‌లో వీసా స్టాంపింగ్ చేయించుకుని 2025 ఆగస్టు మొదట్లో తిరిగొచ్చాం. కొత్త ఐ-94 (దేశంలో ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పే రికార్డు) 2028 దాకా ఉంది కానీ ఈఏడీ కార్డు 2026 ఫిబ్రవరి 8తో అయిపోతుంది. రెన్యువల్‌కి అక్టోబర్ 24న పంపాం, మావారు చెక్కు పెట్టారు, ప్యాకెట్ తిరిగొచ్చింది. నవంబర్ 14న క్రెడిట్ కార్డు ఫారంతో మళ్లీ పంపితే రసీదు వచ్చింది. అక్టోబర్ మొదట్లో వేసిన నా ఫ్రెండ్‌కి ఆటోమేటిక్‌గా 540 రోజులు పెరిగాయి, నాకు పెరగవంటున్నారు. ఇల్లు కొని ఏడాది కాలేదు, ఒక్క జీతంతో గడవదు. కోర్టుకు వెళ్లొచ్చా? మా మరిది స్నేహితుడు తన కన్సల్టెన్సీలో పని చెయ్యమని, జీతం కార్డు వచ్చాక ఇస్తానని అంటున్నాడు. పెళ్లికి ముందు నేను మూడేళ్లు హెచ్‌-1బీ మీద పనిచేశాను.

జవాబు: ఇంటి లోను గురించి, మీవారి చెక్కు గురించి, ఫ్రెండ్ అదృష్టం గురించి పేజీలకు పేజీలు రాశారు. కేసుని తేల్చే తేదీ మాత్రం ఎక్కడా లేదు. మొదటి ప్యాకెట్ లాక్‌బాక్స్‌కి, అంటే ఇమిగ్రేషన్ వాళ్లు దరఖాస్తులు అందుకునే కేంద్రానికి, ఏ రోజు చేరింది? మీరు పోస్టు చేసిన రోజు కాదు, వాళ్ల చేతికి అందిన రోజు. ఇమిగ్రేషన్ రూల్స్‌లో లెక్క అదే.

ఎందుకంటే ఆ వారంలో రెండు మార్పులు పక్కపక్కనే వచ్చిపడ్డాయి. 2025 అక్టోబర్ 28 తర్వాత యూఎస్‌సీఐఎస్‌ (ఇమిగ్రేషన్ దరఖాస్తులు చూసే ప్రభుత్వ సంస్థ) మామూలుగా కాగితం చెక్కులు తీసుకోవడం మానేసింది, ఫీజు క్రెడిట్ కార్డు ఫారంతోనో, బ్యాంకు ఖాతా నుంచి నేరుగానో కట్టాలి. ఈ సంగతి ఆగస్టు చివర్లోనే ప్రకటించారు. ఇక అక్టోబర్ 30న దాని పై శాఖ డీహెచ్‌ఎస్‌ (హోంలాండ్ సెక్యూరిటీ) ఒక మధ్యంతర రూల్ ప్రచురించి అదే రోజు నుంచి అమల్లో పెట్టింది. ఆ రోజు, ఆ తర్వాత దాఖలైన ఈఏడీ రెన్యువల్స్‌కి, కొన్ని మినహాయింపులు తప్ప, 540 రోజుల ఆటోమేటిక్ పొడిగింపు లేదు. మీ హెచ్‌-4 కార్డు ఆ మినహాయింపుల్లోకి రాదు. అంతకుముందే పొడిగింపు పొందినవాళ్ల జోలికి రూల్ పోలేదు, కాబట్టి మీ ఫ్రెండ్‌ది అదృష్టమూ కాదు, అన్యాయమూ కాదు. ఆవిడ ముందే వేసింది.

ప్యాకెట్ 28వ తేదీలోపు చేరి, కేవలం చెక్కు అన్న కారణంతో తిప్పి పంపారా, అది వాళ్ల తప్పు. పాత తేదీనే దాఖలు తేదీగా ఇమ్మని గట్టిగా అడగొచ్చు. 29న చేరిందా, చెక్కు చెల్లదు, అయిపోయింది. తిరస్కరించిన దరఖాస్తుకి దాఖలు తేదీ అనేది మిగలదు, ఆ తిరస్కరణ మీద అప్పీలూ లేదు. అప్పుడు మీకున్నది నవంబర్ రసీదొక్కటే.

కాబట్టి ఈ రాత్రికే కొరియర్ సైట్‌లోకి వెళ్లి సంతకంతో ఉన్న డెలివరీ ప్రూఫ్ దించుకోండి, కొన్నాళ్లకు పాత ట్రాకింగ్ వాళ్లు తీసేస్తారు. తిరిగొచ్చిన కవరు, ఏ కారణంతో పంపారో రాసిన కాగితం, ఆ చెక్కు, అన్నీ తీసి పెట్టండి. చించి పారేశామని మాత్రం చెప్పకండి. నవంబర్ రసీదు, అంటే ఐ-797సీ మీద ‘రిసీవ్డ్ డేట్’, ‘నోటీస్ డేట్’ అని రెండు వేర్వేరు గళ్లుంటాయి, చాలామంది రెండోది చూసి మొదటిదనుకుంటారు. 28లోపు చేరినట్టు రుజువుంటే ఈ కాగితాలన్నీ కలిపి లాయరు ద్వారా లాక్‌బాక్స్ సపోర్ట్‌కి రాయించండి. కోర్టంటారా, ప్రభుత్వ నిర్ణయాన్ని సవాలు చేయడానికి మామూలుగా ఆరేళ్ల గడువుంది, దాన్ని చూసి ధీమాగా ఉండకండి. మీ అసలు గడువు ఫిబ్రవరి 8, ఇంకా మూడు వారాలే ఉంది.

ఒక మాట అనకుండా ఉండలేను. రెన్యువల్‌ని గడువుకి 180 రోజుల ముందు నుంచి వేసుకోవచ్చు, అంటే ఆగస్టు 12 నుంచి. మీరు అప్పటికే ఊర్నుంచి వచ్చేశారు. దసరా అయింది, దీపావళి అయింది, 24న గానీ కవరు కదల్లేదు. ఇది వట్టి దెప్పిపొడుపు కాదు. ఆర్థిక నష్టం చూపించి ఎక్స్‌పెడైట్, అంటే కేసు త్వరగా తేల్చమని, అడగొచ్చు కానీ ఆ తొందర మీ ఆలస్యం వల్ల వచ్చింది కాకూడదని యూఎస్‌సీఐఎస్‌ షరతు. అడగండి, కంపెనీ లెటరు, లోను స్టేట్‌మెంటు జత చెయ్యండి, మీ ఏరియా కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకూ రాయండి, కానీ దానిమీదే ఆశలన్నీ పెట్టుకోకండి.

కన్సల్టెన్సీ మాట ఇంకోసారి ఎత్తకండి. జీతం తర్వాత తీసుకున్నా, అసలు తీసుకోకపోయినా, కార్డు లేకుండా చేసిన ఉద్యోగం ఉద్యోగమే. దానితో మీ హెచ్‌-4 స్టేటస్ చెడుతుంది, రేపు స్టాంపింగ్‌లో, గ్రీన్‌కార్డులో అదే ప్రశ్న ఎదురొస్తుంది. ‘180 రోజుల దాకా ఏం కాదు’ అని వాట్సాప్‌లో తిరిగేది 245(కె) సెక్షన్. అది ఉద్యోగ కోటాలో గ్రీన్‌కార్డు ఆఖరి మెట్టు మీద ఇచ్చే మాఫీ, అంతేగానీ పని చేసుకోమని ముందస్తు అనుమతి కాదు. ఇక ఉద్యోగంలో పని అర్హత చూపే ఐ-9 ఫారంలో ‘సిటిజన్’ అని టిక్కు పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే వాళ్ల ఫోనే ఎత్తకండి, ఆ ఒక్క టిక్కుతో గ్రీన్‌కార్డు దారి జన్మలో తెరుచుకోదు.

హెచ్‌ఆర్‌కి ఇప్పుడే చెప్పండి. కొత్త రసీదు చూపించి పని కొనసాగించడం కుదరదు. ఫిబ్రవరి 9 నుంచి కార్డు వచ్చేదాకా జీతం లేని సెలవు రాతపూర్వకంగా అడగండి, ఆ సెలవులో ఆఫీసు లాప్‌టాప్ తెరవకండి.

అసలు దారి మీరు చివర్లో ఏదో మాటవరసకి రాసిన ముక్కలో ఉంది. మూడేళ్లు హెచ్‌-1బీ మీద చేశానన్నారు కదా, లాటరీ కోటాలో ఒకసారి లెక్కలోకొచ్చినవాళ్లకి, హెచ్‌-1బీకి మొత్తం ఇచ్చే ఆరేళ్లలో మిగిలిన కాలానికి మళ్లీ లాటరీ అక్కర్లేదు. మీ కంపెనీ ఒప్పుకుంటే హెచ్‌-4 నుంచి హెచ్‌-1బీకి మార్పు అడుగుతూ పిటిషన్ వేయొచ్చు. ఎల్‌సీఏకి (కార్మిక శాఖ నుంచి కంపెనీ ముందుగా తెచ్చుకోవాల్సిన ఆమోదం) వారం పైన పడుతుంది, ఆపైన ప్రీమియంలో (అదనపు ఫీజు కడితే త్వరగా తేల్చే పద్ధతి) 15 పనిదినాలు. మధ్యలో కొన్నాళ్లు ఖాళీ తప్పదు, హెచ్‌-4 ఈఏడీకి ప్రీమియమే లేదు కాబట్టి ఇదే నయం. పాత ఐ-797 (హెచ్‌-1బీ ఆమోద పత్రం), ఆనాటి పే-స్టబ్‌లు, డబ్ల్యూ-2లు (ఏడాది జీతం, పన్ను పత్రాలు) వెతికి పెట్టండి. కొత్త హెచ్‌-1బీ పిటిషన్ల మీద పెట్టిన లక్ష డాలర్ల ఫీజు అని భయపడకండి, దేశంలోనే ఉండి స్టేటస్ మార్పు ఆమోదం పొందినవాళ్లకి అది వర్తించదని అక్టోబర్ 20న యూఎస్‌సీఐఎస్‌ స్పష్టం చేసింది. పిటిషన్ పెండింగ్‌లో ఉండగా దేశం దాటితే మాత్రం ఆ మార్పు పోతుంది, ఫీజు నెత్తిన పడొచ్చు. నాన్నగారిని చూడాలనుంటే ఆమోదం చేతికొచ్చాకే టికెట్ కొనండి.