చెట్టు లేని చోటు అరణ్యమేనా?

సందేహం: కాలిఫోర్నియాలోని పాయింట్ రేయస్ తీరం గురించి మా తెలుగు బడి పత్రికకు రాస్తున్నాను. అక్కడి డ్రేక్స్ ఎస్టెరో అనే ఉప్పుటేరును ప్రభుత్వం ‘వైల్డర్‌నెస్’గా ప్రకటించింది. ‘ప్రజాదరణతో అరణ్యంగా మారింది’ అని రాశాను. చెట్లే లేని చోటు అరణ్యం ఎలా అవుతుందని మావారు అడుగుతున్నారు. – ఒక పాఠకురాలు

సమాధానం: ‘అరణ్యం’ అనే ఉంచండి. మీవారి అనుమానం సహజమే. ఇవాళ ఆ మాట వినగానే కళ్ళముందుకు వచ్చేది దట్టమైన చెట్లే. కానీ ఆ మాటకు మూలం చెట్టు కాదు, దూరం. సంస్కృతంలో ‘అరణ’ అంటే దూరపుది, పరాయిది. వేదకాలపు వాడుకలో ఊరికి ఎదురుమాట అరణ్యం. పశువులను కూడా గ్రామ్యాలు, ఆరణ్యాలు అని విడదీశారు. మన జాతీయాలు చూడండి. అరణ్యరోదన అంటే వినే దిక్కులేని ఏడుపు. అడవిగాచిన వెన్నెల అంటే చూసేవాళ్ళు లేని వెన్నెల. రెండింట్లోనూ అసలు సంగతి చెట్లు ఉండటం కాదు, మనుషులు లేకపోవడం. తెలుగు బైబిల్లో యోహాను బోధించిన చోటైన ‘అరణ్యము’ కూడా యూదయలోని ఎండునేలే.

అమెరికా 1964 నాటి వైల్డర్‌నెస్ చట్టం చెప్పేదీ ఇదే: మనిషి వచ్చి చూసి వెళ్ళాలే తప్ప అక్కడ కాపురం పెట్టకూడదు. చెట్ల ఊసు ఆ నిర్వచనంలో లేదు.

కొందరు ‘బంజరు’ అనమంటారు. నాకు అస్సలు ఒప్పుదల లేదు. బంజరు అంటే ఇంకా నాగలి పడని నేల, ఎవరో వచ్చి దున్నాల్సిన నేల. ‘పోరంబోకు’ మరీ అన్యాయం. శిస్తు లేని భూమికి రెవెన్యూవాళ్ళు వాడిన మాట అది. చివరికి మనుషులను తిట్టడానికి పనికొచ్చింది. ఆ ఎస్టెరోలో పోటు తీసినప్పుడు ఇసుక మేటలు బయటపడతాయి. సీల్ తల్లులు వాటి మీదే పిల్లలను పెట్టి పాలు ఇస్తాయి. అలాంటి చోటును పనికిరాని నేల అనే మాటతో ఎలా పిలుస్తాం?

ఇక మీ వాక్యంలో చిక్కు ‘మారింది’ దగ్గర ఉంది. మారింది అంటే కొత్తగా అడవి మొలిచిందనిపిస్తుంది. మీవారి సందేహం అక్కడే పుట్టి ఉంటుంది. 1976లోనే పాయింట్ రేయస్‌లో 25 వేల ఎకరాలకు పైగా అరణ్యంగా ప్రకటించారు. ఎస్టెరోలో ఆల్చిప్పల పెంపకం సాగుతున్నందున దాన్ని ‘కాబోయే అరణ్యం’గా పక్కన ఉంచారు, కాబోయే కోడలు అన్నట్టు. 2012లో ఆ పెంపకానికి గడువు తీరాక, పొడిగించకుండా అరణ్యంగా ప్రకటించారు.

‘ప్రజాదరణ’ కూడా ఇక్కడ అతకదు. ఆదరణ సినిమాకో పాటకో దక్కేది. ఎస్టెరో విషయంలో అధికారులు జనం అభిప్రాయం అడిగితే 50 వేలకు పైగా జవాబులు వచ్చాయి. ఆల్చిప్పల పెంపకం ఉండాలన్నవాళ్ళూ ఉన్నారు, కానీ ఎక్కువమంది అరణ్యం వైపే నిలిచారు. పనిగట్టుకుని కూర్చుని రాసి పంపితే అది మద్దతు. ‘ప్రజామద్దతు’ అని సంస్కృతానికి ఉర్దూ మాట అతికించడం కంటే విడదీసి రాయడం హాయి: ‘ప్రజల మద్దతుతో 2012లో అరణ్యంగా ప్రకటించారు.’